మూడేళ్లు గదిలో ఒంటరిగా పెరిగిన పాపకి మాటలు వస్తాయా? – గుంటూరు నుంచి ఒక స్పీచ్ థెరపిస్టు జవాబు

అమ్మా, మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెబుతాను. మీది విజయవాడ, కృష్ణలంక. మీ మరదలు పాపకి ఏడాదిన్నర ఉన్నప్పుడు చనిపోయింది. మీ తమ్ముడు పాపని తీసుకుని హైదరాబాద్ శివార్లలో గోడౌన్ కాపలా పనికి వెళ్లాడు. చూసుకునేవాళ్లు లేక పొద్దున్నే పాపని గదిలో ఉంచి బయట గొళ్లెం పెట్టి డ్యూటీకి పోయేవాడు. లోపల టీవీ, ఒక పాత ఫోన్, గిన్నెలో అన్నం. పక్క గదిలో ఉండే ముసలావిడ అప్పుడప్పుడు కిటికీలోంచి పలకరించేదట. ఇప్పుడు పాపకి నాలుగేళ్ల ఎనిమిది నెలలు, రెండు నెలలుగా మీ దగ్గర ఉంటోంది. అమ్మ, బువ్వ, నీళ్లు, వద్దు లాంటి పది పదిహేను మాటలు, ఫోన్‌లో విన్న ఇంగ్లీషు రైమ్స్, అంతకు మించి మాట లేదు. ఒక డాక్టరు గారు ఆటిజం కావచ్చన్నారు. మీ అత్తగారు వస పోయమంటున్నారు. మీరేమో యూట్యూబ్‌లో జీనీ అనే అమెరికా అమ్మాయి కథ చూసి, "మా పాప కూడా అంతేనా, ఇక మాటలు రావా" అని అడిగారు.

వస్తాయి. కొన్ని ఇప్పటికే వచ్చాయి కూడా. ఎంతవరకు వస్తాయన్నది ఇవాళ ఎవరూ చెప్పలేరు, చెప్పామన్నవాళ్లని నమ్మకండి. గదిలో పెట్టి తాళం వేసిన పిల్లలు మా దగ్గరికి అరుదుగానే వస్తారు. చెవులు వినపడవని ఎవరూ గమనించక మూడేళ్లు, నాలుగేళ్లు గడిచిపోయిన పిల్లలు, ఫోన్ చేతికిచ్చి పెంచిన పిల్లలు మాత్రం చాలామందే వస్తారు. కారణాలు వేరైనా భాష దెబ్బతినే తీరులో పోలికలు ఉంటాయి. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు జీనీ సంగతి. అది అసలు పేరు కాదు, పరిశోధకులు పెట్టిన మారుపేరు. 1970 నవంబరులో లాస్ ఏంజెలెస్ దగ్గర బయటపడేసరికి ఆమెకి పదమూడేళ్లు దాటాయి, బరువు 27 కిలోలు కూడా లేదు. సుమారు ఇరవై నెలల వయసు నుంచి ఒక గదిలో, పగలంతా కుర్చీకి కట్టేసి ఉంచారు. చప్పుడు చేస్తే తండ్రి కొట్టేవాడు. ఆమెతో మాట్లాడేవాడు కాదు, కుక్కలా గుర్రుమనేవాడు. సుసాన్ కర్టిస్ అనే భాషాశాస్త్రవేత్త కొన్నేళ్లు ఆమెతో పనిచేసి 1977లో ఆ వివరాలన్నీ పుస్తకంగా రాశారు.

వీడియోల్లో "జీనీకి మాటలే రాలేదు" అని చెబుతుంటారు. అది నిజం కాదు. మాటలు చాలానే వచ్చాయి. రంగులు, ఆకారాలు, వస్తువుల పేర్లు చక్కగా నేర్చుకుంది. ఆమెకి అందకుండా పోయింది వాక్య నిర్మాణం. తనని తండ్రి కొట్టిన సంగతి తర్వాత ఆమె చెప్పిన తీరు మన మాటల్లో ఇలా ఉంటుంది: "నాన్న కొట్టు చెయ్యి. పెద్ద కర్ర. జీనీ ఏడుపు." అది జరిగిన రోజుల్లో ఆమెకి భాషే లేదు. జ్ఞాపకం అలాగే ఉండిపోయింది, మాటలు ఏళ్ల తర్వాత వచ్చి దాన్ని అందుకున్నాయి. "నాన్న కర్రతో నా చేతి మీద కొట్టాడు, నేను ఏడ్చాను" అనాలంటే ఆ ‘తో’ కావాలి, ‘మీద’ కావాలి, ‘కొట్టాడు’లో ‘డు’ కావాలి, ‘ఏడ్చాను’లో ‘ను’ కావాలి. మన పిల్లలు ఎవరూ నేర్పకుండానే మూడు, మూడున్నరేళ్లకి పట్టేసే ఈ చిన్న ముక్కల్లాంటివే ఇంగ్లీషులో ఆమెకి కొరకరాని కొయ్యలయ్యాయి.

అంత మాత్రాన ఆ కథని మీ పాప మీదికి తెచ్చుకోకండి. జీనీ బయటికి వచ్చేసరికి యుక్తవయసు వచ్చేసింది. నోరు తెరిస్తే దెబ్బలు తిన్న పిల్ల కాబట్టి నిశ్శబ్దంగా ఉండడమే ముందు నేర్చుకుంది. పుట్టుకతోనే మెదడులో ఏదైనా లోపం ఉందా అన్న విషయంలో ఆమెని చూసిన నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. పైగా 1970ల మధ్యలో పరిశోధనకి నిధులు ఆగిపోయాక ఆమెని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మార్చారు. ఒక చోట మళ్లీ హింస ఎదురై, వచ్చిన మాటలు కూడా మానేసింది. ఇన్ని సమస్యలు కలిసిపోయిన ఒక్క బిడ్డ జీవితంలోంచి "ఫలానా వయసు దాటితే భాష రాదు" అని లెక్క తీయడం కుదరదు.

ఇప్పుడు యూట్యూబ్ మీకు చూపించని పిల్లల గురించి చెబుతాను. 1938లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఇజబెల్ అన్న మారుపేరుతో తెలిసిన ఒక పాప బయటపడింది. ఆరున్నరేళ్లు. వినపడని, మాట్లాడలేని తల్లితో పాటు ఆ పాపని కూడా చీకటి గదిలో పెట్టేశారు. గొంతులోంచి బొంగురు శబ్దం తప్ప ఏమీ వచ్చేది కాదు, మొదట్లో చెవిటిదనుకున్నారు కూడా. శిక్షణ మొదలుపెట్టిన రెండు నెలలు దాటేసరికి చిన్న వాక్యాలు అంటోంది. ఏడాదిన్నరలో పదిహేను వందల నుంచి రెండు వేల మాటలు. ఎనిమిదిన్నరేళ్లకి తన ఈడు పిల్లలతో సమానంగా ఉంది.

అదే 1938లో పెన్సిల్వేనియాలో అన్నా అనే మారుపేరు గల ఇంకో పాప దొరికింది. దాదాపు ఆరేళ్లు. ఆమెని పై అంతస్తు గదిలో ఒక్కదాన్నే ఉంచారు, పాలు పట్టడం తప్ప ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత నాలుగేళ్లకి, 1942లో జబ్బు చేసి చనిపోయేనాటికి చిన్న చిన్న ముక్కల్లో మాట్లాడడం మొదలుపెట్టింది, అంతే. ఈ ఇద్దరినీ పోల్చి రాసిన కింగ్స్లీ డేవిస్ అనే సామాజిక శాస్త్రవేత్త అన్నాకి పుట్టుకతోనే బుద్ధిమాంద్యం ఉండి ఉండొచ్చని ఒప్పుకున్నారు. ఆ సందేహం అలా ఉంచినా, ఒకరు తల్లితో, ఇంకొకరు ఒంటరిగా ఉన్నారన్నది గమనించండి.

చెకోస్లొవేకియాలో 1967లో ఏడేళ్ల మగ కవలలు బయటపడ్డారు. పుట్టగానే తల్లి పోయింది. ఏడాదిన్నర వయసు నుంచి అయిదున్నరేళ్ల పాటు సవతి తల్లి వాళ్లని వేడి లేని చిన్న గదిలోనూ, నేలమాళిగలోనూ పెట్టింది, కొట్టింది. ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బుతో కాళ్లు వంకరపోయి సరిగా నడవలేకపోయేవారు. మాట దాదాపు లేదు, ఒకరితో ఒకరు సైగలే. యర్మిలా కొలుహోవా అనే సైకాలజిస్టు వాళ్లని ఏళ్ల తరబడి గమనించారు. ఇద్దరు అక్కచెల్లెళ్లు వాళ్లని తెచ్చి పెంచుకున్నారు. పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆ పిల్లల మాటా, తెలివీ మామూలు పిల్లల స్థాయిలో ఉన్నాయి. చదువుకున్నారు, పని నేర్చుకున్నారు.

ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి చాలామంది వయసు ఒక్కటే చూస్తారు. ఆరేళ్లు, ఏడేళ్లు, పదమూడేళ్లు. వయసు ముఖ్యం కాదని నేను అనను. యుక్తవయసు లోపే మొదటి భాష కుదురుకోవాలని ఎరిక్ లెన్నెబర్గ్ 1967లోనే రాశారు. ఆలస్యంగా సైగల భాష నేర్చుకున్న బధిరుల మీద తర్వాత జరిగిన పరిశోధనలు కూడా, ఎంత ఆలస్యమైతే వ్యాకరణం అంత కుంటుపడుతుందనే చూపించాయి. అయినా నా దగ్గరికి ఇలాంటి బిడ్డ వస్తే నేను ముందు అడిగేది ఎన్నేళ్లు అని కాదు. ఆ ఏళ్లలో పక్కన ఎవరున్నారు అని. ఇజబెల్‌కి తల్లి ఉంది, నోటి మాట లేకపోయినా సైగకి సైగతో బదులిచ్చేది. కవలలకి ఒకరికొకరు ఉన్నారు. జీనీకి, అన్నాకి ఆ మాత్రం కూడా లేదు. నేను ఏదో అంటే అవతలి మనిషిలో ఏదో జరుగుతుంది అన్న అనుభవం ఉన్న బిడ్డకి తర్వాత మాటలు అందించడం చాలా సులువు. అది లేని బిడ్డకి ముందు అదే నేర్పాలి, మాటలు ఆ తర్వాత.

దీనికి నేను చూపించే పెద్ద సాక్ష్యం నికరాగ్వా. 1970ల చివర్లో ఆ దేశ రాజధాని మనాగ్వాలో బధిర పిల్లల బడి మొదలైంది. అప్పటివరకు ఆ పిల్లలు ఎవరింట్లో వాళ్లు, నాలుగు ఇంటి సైగలతో నెట్టుకొచ్చారు. బడిలో పెదవుల కదలిక చూసి స్పానిష్ నేర్చుకోమన్నారు, అది పెద్దగా అబ్బలేదు. కానీ ఆటస్థలంలో, బస్సులో వాళ్లలో వాళ్లు చేసుకున్న సైగలు ముదిరి, తర్వాత వచ్చిన చిన్న పిల్లల చేతుల్లో వ్యాకరణం ఉన్న పూర్తి భాష అయ్యాయి. ఏ టీచరూ నేర్పలేదు. బదులిచ్చే తోటివాళ్లు దొరికారు, అది చాలింది.

తోడేలు పిల్లల కథలు, ముఖ్యంగా 1920లో బెంగాల్‌లోని మేదినీపూర్ దగ్గర దొరికారన్న కమల, అమలల కథ, మీరు చిన్నప్పుడు విని ఉంటారు. దానికి ఆధారం ప్రధానంగా ఆ పిల్లల్ని పెంచిన అనాథాశ్రమం నడిపిన మతాచార్యుడి డైరీయే, దాని మీద అనుమానాలు చాలా ఉన్నాయి. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అక్బరు చేయించిన ప్రయోగం నయం, కనీసం ఆయన ఆస్థానంలోని చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాసిపెట్టాడు. పసిపిల్లల్ని మాట వినపడని భవనంలో మౌనంగా ఉండే దాదుల చేత పెంచి, 1582లో వెళ్లి చూస్తే ఒక్కరి నోటా మాట లేదు. పాపం ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారో ఎవరికీ పట్టలేదు.

మరి టీవీ, ఫోన్ ఉన్నాయి కదా, రోజంతా మాటలు వింటూనే ఉంది కదా అని మీ తమ్ముడు అన్నాడని రాశారు. చాలామంది తల్లిదండ్రులు నాతో ఇదే వాదిస్తారు. ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల్లో కొందరికి చైనీస్ మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని ఆడించారు, కథలు చెప్పారు. ఇంకొందరికి అదే మనిషి, అవే మాటలు టీవీలో చూపించారు. మనిషి దగ్గర విన్న పిల్లలు చైనీస్ శబ్దాల తేడాలు పట్టుకున్నారు. టీవీ చూసిన పిల్లలకి ఏమీ అంటలేదు. తెర మాట్లాడుతుంది గానీ బిడ్డ చెయ్యి చాపినచోటికి చూడదు, ఏడిస్తే ఆగదు. అందుకే మీ పాప రైమ్స్ మొత్తం అప్పజెప్పగలదు, "దాహంగా ఉంది అత్తా" అని మాత్రం అనలేదు.

ఇప్పుడు మీ పాప సంగతికే వస్తాను. మీరు రాసిన మాటల జాబితాలో నన్ను ఆపేసినది ‘బువ్వ’. ఇంగ్లీషు రైమ్స్ ఫోన్ ఆ మాట నేర్పదు. అన్నం గిన్నెలో పెట్టి డ్యూటీకి పోయే నాన్న కూడా మూడేళ్లు బువ్వ బువ్వ అని గోరుముద్దలు పెట్టి ఉండడు. అది మీ మరదలు నేర్పిన మాట కావచ్చు, లేదా ఆ కిటికీ ముసలావిడది కావచ్చు. ఎవరిదైనా మంచి కబురే. అంటే పాపకి బదులిచ్చే మనిషి కొంతకాలమైనా ఉన్నారు, ఆ కాలం తుడిచిపెట్టుకుపోలేదు.

తల్లి దగ్గర గడిచిన ఆ ఏడాదిన్నరని తక్కువగా చూడకండి. కడుపులో చివరి మూడు నెలల నుంచే బిడ్డ గొంతులు వింటుంది. ఆరేడు నెలల పిల్లలు ఏ భాష శబ్దాలైనా వేరు చేయగలరు, ఏడాది నిండేలోపు తమ ఇంటి భాషకి చెవి కుదురుతుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ప్రయోగంలో ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన ఆరేడు నెలల పిల్లలు హిందీలోని త, ట తేడాని మన పిల్లల్లాగే గుర్తుపట్టారు. ఏడాది దగ్గరపడేసరికి ఆ శక్తి చాలావరకు పోయింది. మనకి ఆ తేడా ఉన్న భాషే కాబట్టి మీ పాప చెవికి అది అప్పుడే పట్టేసి ఉంటుంది. ‘నీళ్లు’లో ‘ళ్ల’ పలుకుతోందని రాశారు చూడండి, అదీ గమనించదగిందే.

రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో జరిగిన పరిశోధన గురించి కూడా ఎక్కడో చదివి భయపడ్డారు. రెండేళ్లు దాటితే భాష బాగుపడదని అందులో ఉందని రాశారు. కాస్త వివరంగా చూద్దాం. రొమేనియాలో 1989లో నియంత చౌషెస్కూ పాలన కూలినప్పుడు లక్షకు పైగా పిల్లలు ప్రభుత్వ అనాథాశ్రమాల్లో ఉన్నారు. మంచాలు వరసగా, పది పదిహేను మందికి ఒక ఆయా, ఎత్తుకునేవాళ్లు లేరు. 2000 సంవత్సరంలో అమెరికా శాస్త్రవేత్తలు 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, లాటరీ పద్ధతిలో సగంమందిని పెంపుడు కుటుంబాలకి ఇచ్చారు. పదిహేను నెలల లోపు ఇళ్లకి వెళ్లిన పిల్లల భాష మూడున్నరేళ్లకి మామూలు పిల్లలతో కలిసిపోయింది. రెండేళ్లు దాటాక వెళ్లినవాళ్లు ఆశ్రమంలో మిగిలిన పిల్లలంత వెనకే ఉన్నారు. నిజమే, అది భయపెట్టే ఫలితమే. కానీ ఆ పిల్లలకి పోయింది మొదటి రెండేళ్లు. మీ పాపకి మొదటి ఏడాదిన్నర ఉంది, తర్వాతి మూడేళ్లు పోయాయి. ఇది ఎదురు కథ. పైగా అక్కడ భాషని కొలిచింది రెండున్నరేళ్లకి, మూడున్నరేళ్లకి. ఆలస్యంగా ఇంటికి వెళ్లిన బిడ్డకి అప్పటికి దొరికిన సమయమే తక్కువ. నష్టం లేదని అనడం లేదు. ఆ గీత మీ పాపకి గీసింది కాదంటున్నాను.

ఆటిజం మాటకి వద్దాం. డాక్టరు గారు అన్నది కొట్టిపారేయకండి, అలాగని ఇప్పుడే ముద్ర వేయించుకోకండి. రొమేనియా నుంచి బ్రిటన్‌కి దత్తత వెళ్లిన పిల్లల్ని మైకేల్ రట్టర్ బృందం చాలా ఏళ్లు చూసింది. ఆరు నెలల లోపు వెళ్లినవాళ్లలో ఎక్కువమంది బాగా కోలుకున్నారు. ఆలస్యంగా వెళ్లిన కొందరిలో అచ్చం ఆటిజంలాగే కనిపించే తీరు ఉంది: కళ్లలోకి చూడకపోవడం, ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం, మాట రాకపోవడం. కానీ నాలుగేళ్లకి అలా ఉన్న పిల్లల్లో చాలామంది ఆరేళ్లు వచ్చేసరికి మారారు, మనుషుల మీద ఆసక్తి పెరిగింది. మామూలు ఆటిజంలో అంత వేగంగా మార్పు రావడం అరుదు. అందుకని ఆరు నెలలు, ఏడాది ఇంట్లో మనుషుల మధ్య ఉన్నాక మళ్లీ పరీక్ష చేయించండి. అప్పటికీ ఆటిజం అంటే ఆటిజమే, దానికీ దారులున్నాయి. ఈలోపు చేయాల్సిన పని రెండింటికీ దాదాపు ఒకటే. ఐక్యూ పరీక్ష కూడా చేయించమన్నారని రాశారు. మాటల మీద ఆధారపడే పరీక్షలో ఈ పాపకి వచ్చే అంకెకి ఇప్పుడు విలువ లేదు. చేస్తే బొమ్మలు, దిమ్మెలతో చేసేది చేయించండి.

అన్నిటికంటే ముందు చెవులు. ఇంట్లో ‘నీళ్లు’ అంటే తిరిగి చూస్తోంది కాబట్టి వినపడుతుందని అనుకోకండి. ఒక చెవి బాగుండి ఇంకోటి లేకపోవచ్చు, కర్ణభేరి వెనక నీరు చేరి సగం సగం వినపడొచ్చు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర చెవులు చూపించి, ఓఏఈ (లోపలి చెవి స్పందన చూసే పరీక్ష), అవసరమైతే బెరా టెస్టు (శబ్దం మెదడు దాకా చేరుతోందా అని చూసేది) చేయించండి. దాంతో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్, కంటిచూపు. అన్నం మాత్రమే తిని పెరిగిన పిల్లలకి రక్తహీనత ఉంటే చురుకుదనం ఎక్కడినుంచి వస్తుంది? పిల్లల ఆరోగ్యం కోసం ఉన్న ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే పథకం కింద జిల్లాల్లో డీఈఐసీ అనే కేంద్రాలు ఉంటాయి, పిల్లల డాక్టరు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఒకేచోట చూస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. మీకు దగ్గరిది ఎక్కడో ప్రభుత్వాసుపత్రి పిల్లల విభాగంలో అడిగితే చెబుతారు.

వస సంగతి: మీ అత్తగారిని నొప్పించకండి గానీ పోయకండి. దానితో మాట రాదు, ఎక్కువైతే వాంతులు మాత్రం వస్తాయి. నాలుక కింద తీగ కోయిద్దామని ఎవరో అన్నారట, అది కూడా వద్దు. బిగుసుకుపోయిన తీగ వల్ల కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చేమో గానీ భాష రాకుండా పోదు. ‘నీళ్లు’ పలికే నాలుకకి కత్తెర ఎందుకు?

ఇంట్లో ఎలా ఉండాలన్నది ఎక్కువగా అడిగారు. అసలు పని అక్కడే ఉంది, నేను వారానికి రెండు గంటలు చూస్తే మీరు మిగతా అన్ని గంటలూ చూస్తారు. "అత్తా అను, అత్తా అను" అని వెంటపడకండి. ‘నీళ్లు’ అనేదాకా గ్లాసు దాచిపెట్టి ఆడించడం అసలే వద్దు. అన్నం కోసం గొళ్లెం వంక చూస్తూ గడిపిన బిడ్డ అది, అడిగితే దొరుకుతుందన్న నమ్మకం ముందు కుదరాలి. ఆమె చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాగితే అదే ఆమె మాట. మీరు అటు వెళ్లి, ఆమె కళ్ల ఎత్తుకి వంగి, "నీళ్లు కావాలా? ఇదిగో నీళ్లు" అనండి. ఆమె ‘నీళ్లు’ అంటే మీరు "నీళ్లు తాగుతావా" అనండి. ఆమె "అత్త నీళ్లు" అన్న రోజున "అత్త నీళ్లు ఇచ్చింది" అనండి. ఆమె అన్నదానికి ఒక్క ముక్క కలిపి తిరిగి ఇవ్వడం, అంతే. తప్పు దిద్దినట్టు ఉండకూడదు.

మాట అన్నాక ఆగండి. మనవాళ్లకి ఇది చేతకాదు. పిల్లని ఒక ప్రశ్న అడిగి, మనమే జవాబు చెప్పి, ఇంకో ప్రశ్న వేసేస్తాం. మనసులో పది లెక్కపెట్టి చూడండి, ఆ పదిలోపు ఏ చూపో, వేలో, శబ్దమో వస్తుంది. దానికి బదులివ్వండి. రైమ్స్ పాడుతుంది కదా, మీరూ కలవండి, చివరి మాట ముందు ఆగి ఆమె ముఖం చూడండి. ఆ మాట ఆమె వేసి మీ వైపు చూసిందంటే ఫోన్ పాఠం కాస్తా ఇద్దరి ఆట అయినట్టే.

ఫోన్ ఒక్కరోజులో లాక్కోకండి, మూడేళ్లు దానికి ఉన్న తోడు అదొక్కటే. రోజూ కొంచెం తగ్గిస్తూ ఆ సమయంలో మీరుండండి. స్నానం, జడ వేయడం, కూరగాయలు తరగడం, పప్పు ఏరడం, ఇవన్నీ రోజూ అదే వరసలో జరిగే పనులు కాబట్టి మాటలు తగులుకోవడానికి బాగుంటాయి. సాయంత్రం రైతుబజారుకి తీసుకెళ్లండి, వంకాయ ఆమె చేత్తోనే సంచిలో వేయించండి. జనం, హారన్లు చూసి చెవులు మూసుకుంటే వెనక్కి వచ్చేయండి, ఇంకో రోజు జనం పల్చగా ఉన్నప్పుడు వెళ్లొచ్చు. పక్కింటి పిల్లల్లో కాస్త చిన్నదాన్ని, మూడేళ్లదాన్ని, ఆటకి పిలవండి. తన ఈడు పిల్లలు గబగబా మాట్లాడి విసుక్కుంటారు, చిన్న పిల్ల అయితే ఇద్దరి మాటా సమానంగా ఉంటుంది. ఇంట్లో తెలుగే మాట్లాడండి. బడిలో పనికొస్తుందని ఇంగ్లీషు ముక్కలు కలపమని ఎవరైనా సలహా ఇస్తే విని ఊరుకోండి. ఒక భాష నిలబడితే రెండోది దాని మీద ఎక్కుతుంది.

దిండు కింద రొట్టెముక్కలు దాస్తోందా? రాయలేదు గానీ చాలామంది ఇలాంటి పిల్లలు దాస్తారు. తిట్టకండి, ఎప్పుడూ అందేలా ఒక డబ్బాలో మరమరాలో బిస్కెట్లో పెట్టండి. ఎవరొచ్చినా ఒళ్లో ఎక్కేస్తోందని మురిసిపోతూ రాశారు, అది నాకు కాస్త టెన్షన్ పెట్టింది. మనిషికీ మనిషికీ తేడా తెలియకపోవడం ఈ పిల్లల్లో కనిపించే లక్షణమే. కొన్నాళ్లపాటు అన్నం పెట్టడం, నిద్రపుచ్చడం, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం మీరూ, మీ ఇంట్లో ఇంకొకరూ మాత్రమే చేయండి.

ఏం ఆశించాలి? వస్తువుల పేర్లు, పనుల మాటలు వేగంగా పెరుగుతాయి, కొన్ని నెలల్లో మీరే లెక్క మర్చిపోతారు. అక్కడ సంబరపడి థెరపీ మానేసేవాళ్లు ఎక్కువ. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ తేడా, ‘నాకు ఆకలేస్తోంది’ అనాల్సినచోట ‘నేను ఆకలి’ అనడం, జరిగిన సంగతి వరసగా చెప్పలేకపోవడం, ఇవి చాలాకాలం ఉంటాయి. రెండో తరగతి, మూడో తరగతిలో చదివి అర్థం చేసుకోవాల్సి వచ్చినప్పుడు మళ్లీ ఇబ్బంది బయటపడొచ్చు. అప్పుడు బద్ధకం అని కొట్టకుండా చూసుకోవాలి.

మీ తమ్ముడి మీద మీకు చాలా కోపం ఉంది, అర్థమవుతోంది. అతన్ని నేను వెనకేసుకు రాను. కానీ పాపని చూడ్డానికి వచ్చినప్పుడు తలుపు వేసేయకండి, మీ ఎదురుగానే కూర్చోబెట్టి ఆడించమనండి. మళ్లీ తీసుకెళ్లిపోతానంటే మాత్రం జిల్లా బాలల సంక్షేమ కమిటీకి వెళ్లండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. సంరక్షణ బాధ్యత మీ పేరున కాగితం మీద ఉండడం బడికీ, ఆసుపత్రికీ కూడా అవసరం. అతన్ని ఇంకో పని అడగండి: ఆ పక్కగది ముసలావిడ నంబరు. రోజూ పలకరించేదా, ఏమని పిలిచేది, కిటికీలోంచి ఏమైనా ఇచ్చేదా, పాప తిరిగి ఏం చేసేది, ఇవన్నీ ఆవిడకే తెలుసు. వీలైతే వీడియో కాల్‌లో పాపకి చూపించండి. మీ మరదలు ఫోన్‌లో పాత వీడియోలుంటే అవి కూడా నాకు కావాలి, ఏడాది వయసులో పాప ఎలా పలికేదో తెలిస్తే సగం పరీక్షలు అక్కడే అయిపోతాయి.

జూన్‌లో యూకేజీలో వేయాలా అని అడిగారు. వద్దు. నలభై మంది ఉన్న క్లాసులో ఈ పాప మూలన కూర్చుని మళ్లీ ఒంటరి అవుతుంది. ఈ ఏడాది దగ్గర్లోని అంగన్‌వాడీలో గానీ, తెలుగులో మాట్లాడే చిన్న బడిలో గానీ రోజుకి రెండు మూడు గంటలు చాలు. టీచర్‌కి మొత్తం కథ చెప్పక్కర్లేదు, పాప జవాబుకి కాస్త ఆగమని మాత్రం చెప్పండి. చెవుల రిపోర్టు రాగానే ఇక్కడే రాయండి, థెరపీ ఎక్కడ, వారానికి ఎన్నిసార్లు అన్నది అది చూశాక చెబుతాను.